తాళపుచెవి యెవరియొద్ద నుండవలెను?

వినోదార్థము చేయు పనికి ధర్మాధర్మ విచారణ యేల యని కొంద రడుగవచ్చును. ఒకడు తన పెరటిలో మల్లె నాటునా, బంతి నాటునా యనుట లోకమునకు పట్టని విషయము. తీరికవేళ తనకు తోచినది చేసికొనుట మనుష్యుని స్వేచ్ఛలలో మిక్కిలి నిర్దోషమైనది. ఐనను వినోదముగా మొదలిడిన పని యొక్కొకప్పు డితరులకు ఆధారమగును. పెరటిలో సరదాకు త్రవ్విన నూతినుండి ఇరుగుపొరుగువారు నీరు తోడుకొనుట కలవాటుపడినపిమ్మట, త్రవ్వినవాడు తన యిష్టము వచ్చినప్పుడు దానికి మూతవేసి యూరికి పోరాదు. నుయ్యి యదియే, మారినది దాని ధర్మము. ఈ మార్పు ఎప్పుడు వచ్చినదో పనివాడు గుర్తింపకుండుటయే నే నిచ్చట విచారింపదలచిన దోషము. దానికి దృష్టాంతము వెదకికొనుచు దూరము పోనక్కరలేదు. అది మా యింటి అలమారలోనే యున్నది.

నేను విజయనగరమున నివసించువాడను. నా వృత్తి వేరు. కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయుట నా సాయంకాలపు వ్యసనము. ఏడేండ్ల క్రిందట తెర పగిలి మూలబడిన ల్యాప్‌టాపు నొకదానిని బాగుచేసి, దానిలో లినక్సు నెక్కించి, హాలులో రౌటరు ప్రక్కనున్న అలమారలో నుంచితిని. అది రేయింబవళ్లు మేలుకొనియుండి ఇంటిలోని ఫోను లన్నిటికిని ఫోటోలను, పాటలను, దస్తావేజుల ప్రతులను అందించును. అడిగినవారి కడిగినది యందించు యంత్రమునకే సర్వరని పేరు. పెద్ద సంస్థలు ఇట్టివానిని వేలకొలదిగా భవనములలో బారులుతీర్చి నడపుచున్నవి. అభిరుచి గలవా డొకదానిని తన గూటిలో నుంచుకొనును. భేదము పరిమాణమునందే గాని పనియందు లేదు. పది వాట్ల విద్యుత్తుతో నడచు యంత్రము ఏడాది పొడవున ఆరకుండ నున్నను ఇంచుమించు 88 యూనిట్లకు మించి వాడదు. ఖర్చు స్వల్పము, కాలక్షేపము పుష్కలము.

ఈ వ్యసనమును చూచి నవ్వువారు గలరు. డబ్బిచ్చినచో, ఒక్కొక్కయెడ నీయకున్నను, పెద్ద సంస్థలు చేసిపెట్టు పనిని నిద్ర చెడగొట్టుకొని ఇంటిలో చేయుట వెఱ్ఱి గాదా యందురు. కాని లోకము నేడు వాడుకొనుచున్న సాధనములు కొన్ని యిట్టి వెఱ్ఱినుండియే పుట్టినవి. 1991లో హెల్సింకీనగరమున చదువుకొనుచుండిన లైనస్ టోర్వాల్డ్స్ తన ముచ్చట కొఱకు వ్రాసి పదుగురకు పంచిన లినక్సు నేడు లోకములోని సర్వర్లలో అధికభాగమును, మనచేతి ఆండ్రాయిడు ఫోనులను నడపుచున్నది. తెలుగునకు కంప్యూటరుపై తావు చిక్కకుండిన 1990 ప్రాంతములందు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున నుండిన తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయు పద్ధతి నొకదానిని కల్పించిరి. 2003 డిసెంబరున మొదలైన తెలుగు వికీపీడియా జీతము గోరని చేతులమీదుగా పెరిగినది. వీరి నెవ్వరును ఆజ్ఞాపింపలేదు. కావున తీరికవేళల పనివాడు తలవంచుకొనవలసిన యగత్యము లేదు.

ఇంటి సర్వరునకు మరియొక సమర్థనము గలదు. పరుల కొట్టిడిలో మన సామాను దాచినప్పుడు, ఆ కొట్టిడి ఎన్నాళ్లు తెరచియుండునో నిర్ణయించువారము మనము గాము. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30వ తేదీన మూతపడినది. తెలుగు సాహిత్యచర్చలకు నెలవైన రచ్చబండవంటి కూటములకు చోటిచ్చిన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో నిలిచిపోయినది. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1వ తేదీనుండి పరిమితిలేని ఉచితపు దాపును మాన్పినది. ఇవి నేరములు గావు. వ్యాపారము చేయువాడు తన లాభనష్టములను చూచుకొనుట సహజము. కాని నలువదేండ్ల కుటుంబస్మృతి యొకరి లాభనష్టములపై వ్రేలాడుట వివేకము గాదని తలచి, మాయింటి ఫోటోలను, ఉత్తరములను, పెద్దల గొంతులను అన్ని ఫోనులనుండియు నా యంత్రములోనికి చేర్చితిని. ఫోనులలో చోటు చాలదని అందఱును గొణుగుచుండిరి. కావున చేర్చినవానిని ఫోనులనుండి తుడిచివేసితిని. పరాధీనత పోయి స్వాతంత్ర్యము వచ్చినదని గర్వించితిని. ఎవరి స్వాతంత్ర్యమని యప్పుడు నన్ను నే నడుగుకొనలేదు.

మా యత్తగారు గతించి సంవత్సరము నిండిన దినమున నేను ఉద్యోగపు పనిమీద హైదరాబాదులో నుంటిని. సంవత్సరీకమునకు నాభార్య పినతల్లి, ఎనుబదియేండ్లు దాటిన వృద్ధురాలు, సాలూరునుండి వచ్చెను. అక్కగారి గొంతున మంగళహారతి మరల వినవలెనని ఆమె కోరిక. ఆ పాటను మా యత్తగారు జీవించియుండగా నాభార్యయే తన ఫోనులో పట్టియుంచినది. ఆ ప్రతి యిప్పుడు నా యంత్రమునందు మాత్రమే యున్నది. ఆ యుదయమున వీథిలో విద్యుత్తు పోయి వచ్చెను. పాత ల్యాప్‌టాపు బ్యాటరీ యెన్నడో చచ్చినది. యంత్ర మాగి మరల లేచెను. దొంగ యెత్తుకొనిపోయినను లోపలిది చదువరాకుండ డిస్కునంతయు గుప్తలిపిలో నుంచితిని గనుక, లేచిన ప్రతిసారియు అది పాస్‌వర్డు నడుగును. తెర పగిలిన యంత్రమగుటచే ఆ పాస్‌వర్డును మరియొక కంప్యూటరునుండి యందింపవలెను. అది పూర్తిగా మేలుకొనిననే గాని దూరమునుండి నేను దానిని చేరు మార్గము లేదు.

నాభార్య ఫోను చేసెను. నేను చెప్పసాగితిని. టెర్మినల్ తెరువు మంటిని, ఐ.పి. అడ్రసు కొట్టు మంటిని. పోర్టు మార్చు మంటిని. డిస్కును మౌంటు చేయు మంటిని. ఆమె ఇరువదియేండ్లుగా పిల్లలకు గణితము బోధించుచున్నది; బుద్ధికి కొదవలేదు. నే నన్న మాటలలో నొక్కటియు ఏడేండ్లలో నేనెన్నడు నామెకు విప్పిచెప్పియుండలేదు. అర్ధగంట గడచెను. భోజనములకు వేళ మించుచున్నదని బ్రాహ్మణులు పిలిచిరి. ఆమె కడపట నొక్కమాట యనెను: "మా అమ్మ గొంతు మీ పెట్టెలో పెట్టి, తాళంచెవి మీ జేబులో వేసుకుని వెళ్లారు." ఆ వృద్ధురాలు సాయంకాలపు బస్సున సాలూరునకు తిరిగిపోయెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మొదట నాకు తోచిన సమాధానము లన్నియు యంత్రమునకు సంబంధించినవే: ఇన్వర్టరునకు తగిలించియుండిన బాగుండెడిది, క్రొత్త బ్యాటరీ కొనియుండిన బాగుండెడిది. తెల్లవారుజామునకు గాని అసలు సంగతి తోచలేదు. తప్పు విద్యుత్తుది గాదు. ఏడేండ్లలో ఆ పెట్టెను నడపు విధమును మరియొకరికి నేర్పుటకు నాకు వేయి సాయంకాలములు చిక్కినవి. ఒక్కదానిని నే నుపయోగింపలేదు. ఏలయన, ఏదేని చెడినప్పు డెల్ల ఇంటివారు నన్ను పిలుచుచుండిరి, నేను వచ్చి క్షణములో సరిచేయుచుంటిని, వారు మెచ్చుకొనుచుండిరి. నేను లేనిదే జరుగదనుటలో నొక రహస్యమైన సుఖ మున్నది. ఆ సుఖమును సేవయని నేను పిలుచుకొంటిని.

మన తాతల యిండ్లలో ఇనుపపెట్టె యొకటి యుండెడిది. దాని తాళపుచెవి యజమాని మొలత్రాట నుండెడిది. భూముల పత్రము లెక్కడ నున్నవో, ఎవరు ఎంత బాకీయో, ఎవరికి ఎంత యీయవలెనో ఆయన కొక్కనికే తెలియును. ఆయన యొకనాడు హఠాత్తుగా కన్నుమూయగా, ఇల్లాలు ఏ కాగిత మేమిటో యెరుగక, వచ్చినవాడెల్ల చెప్పినదే లెక్కయై, మరుదుల దయపై బ్రతికిన కథలు ప్రతి వంశమునందును గలవు. స్త్రీలకు చదువు రావలెనని మన సంస్కర్తలు పోరాడినప్పుడు వారి కన్నులయెదుట నిట్టి యిండ్లుండెను. నేడు ఇల్లాలు చదివినది, ఉద్యోగము చేయుచున్నది, బ్యాంకులో ఖాతా గలది. ఐనను ఇనుపపెట్టె రూపుమార్చి అలమారలో కూర్చున్నది. మొలత్రాటి తాళపుచెవి ముప్పదియక్షరముల పాస్‌వర్డై యజమాని తలలో దాగినది. తాతను తప్పుపట్టి మనవడు ఆ పనియే చేయుచున్నాడు. తాత చెవి నైనను ఆయన పోయినపిమ్మట మొలనుండి విప్పి తీసికొనవచ్చును. మనవని తలలోని పాస్‌వర్డు అతనితోనే దగ్ధమగును; మంచి గుప్తలిపిని పగులగొట్టగల కమ్మరి యే యూరను లేడు.

ఇచ్చట భాషాప్రసక్తి యొకటి వచ్చుచున్నది. శ్రీకాకుళమండలమున వంశధారాతీరమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, ఎవరును కోరకుండగనే సవరభాష నేర్చుకొనిరి. తెలుగును సవరయు తెలిసినవాని నొకని నింట నుంచుకొని నేర్చిరి. అదియును తీరికవేళల పనియే. కాని వారు నేర్చినదానిని తమయొద్ద దాచుకొనలేదు. ఆ భాషలోనే వాచకములు వ్రాసి, సవరపిల్లలకు బడులు పెట్టించిరి. 1931లో వారి సవరవ్యాకరణమును మదరాసు ప్రభుత్వము ముద్రించెను. విద్య ప్రజల మాటలో నుండవలెనని తెలుగుదేశమున వారు సలిపిన వాదము జగద్విదితము. వారి పేరెత్తుచు గ్రాంథికమున వ్రాయుచున్న నన్ను చదువరులు పరిహసింతురేమో. ఆ పరిహాసమునకు నేను పాత్రుడనే. ఐనను ఇంతకంటె ఘోరమైన గ్రాంథికమును నేను నా యింటిలో నడపితిని. మౌంటు, పోర్టు, టెర్మినల్ అను మాటలు దుష్టములు గావు. వానిని విప్పిచెప్పకుండ వాడుటయే దోషము. తెలియని మాటను గోడగా నిలిపి, గోడ కావల నున్నవారిని తెలివిలేనివారనుట పండితులకే గాక యంత్రజ్ఞులకును చెల్లిన యలవాటు.

ఈ విచారణ యంతటితో ముగియలేదు. నేను చెవి నందఱ కీయబూనగా పదునారేండ్ల మాకుమార్తె వేరొక ప్రశ్న వేసెను: "నా ఫోటోలు నాన్న చూడగలరా?" చూడగలను. యంత్రము నడపువానికి రూట్ అను సర్వాధికార మొకటి యుండును. దానికి మూసిన తలుపు లేదు. "చూడగలను గాని చూడను" అంటిని. ఆమె యేమియు ననలేదు; అట్లనియు సమాధానపడలేదు. ఆమె మౌనము న్యాయమే. మంచివాని మాట మంచిదే. కాని మాటపై నిలిచిన స్వేచ్ఛ ఇచ్చువాని దయ గాని పుచ్చుకొనువాని హక్కు గాదు. కావున ఆమె భాగమును ఆమె పాస్‌వర్డుతోనే తెరువబడునట్లు గుప్తలిపిలో వేరుపరచితిని. దానిని మరచినచో నేనును తెరువలేనని ముందుగనే చెప్పితిని. ఆమె ఒప్పుకొన్నది. పోగొట్టుకొను హక్కు లేని యాస్తి పూర్తిగా మన యాస్తి గాదని ఆనాడు నేను నేర్చితిని. అందఱిదైనదానికి చెవి యందఱకు నుండవలెను. ఒకరిదైనదానికి ఆ యొక్కరికే యుండవలెను. రెంటియందును, పెట్టెను చేసినవా డతడే యను కారణమున, పనివానికి ప్రత్యేకాధికారము లేదు.

ఇంత చిక్కేల, పెద్ద సంస్థలకే యప్పగించి నిశ్చింతగా నుండరాదా యను ప్రశ్నకు ప్రత్యుత్తర మీయవలెను. ఆ ప్రశ్న తేలికది గాదు. వారి యంత్రములు మావానికంటె దృఢములు; వారి కావలివారు నిద్రింపరు. ఒక్కని చేతిలో మాత్రమే యున్న ఇంటి సర్వరుకంటె వారి కొట్టిడియే ఇల్లాలికి మేలని నేను నిస్సంకోచముగా నొప్పుకొందును. అక్కడ నామెకు తన చెవి తనకున్నది. ఐనను ఉత్తరాంధ్రమున నుండువారికి రెండువైపుల భయమును అనుభవమున గలవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు స్తంభములు కూలి, ఫోనులు మూగవోయి, ఎన్నో గ్రామములు దినములతరబడి చీకటిలో నుండెను. ఆ దినములలో దూరపు కొట్టిడికి దారి లేదు; ఇంటి పెట్టెకు ఊపిరి లేదు. కావున ఎక్కడ దాచవలెననుట రెండవ ప్రశ్న. ఒకచోటు పోయినప్పుడు మరియొకచోటు మిగులునా, ఒకరు పోయినప్పుడు మరియొకరు తెరువగలరా యనుట మొదటి ప్రశ్న.

దీనికి మన ప్రాంతముననే మేలైన యుదాహరణము గలదు. ఉపాధ్యాయులును కథకులును నైన కాళీపట్నం రామారావుగారు తెలుగుకథ లన్నియు నొక్కచోట దొరకవలెనను కోరికతో 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళమున కథానిలయమును నెలకొల్పిరి. పత్రికలలో చెదరిపడియున్న కథలను ఏరితెచ్చి, రచయితలవారిగా అమర్చి, వచ్చినవారి కెల్ల చూపించుట ఆయనకు సంతోషము. అదియు నొకవిధమున సర్వరే. అడిగినవారి కడిగిన కథ నందించినది. ఆయన దానిని తన సొత్తుగా మూసియుంచలేదు. పలువుర చేతులను దానికి తోడుచేసిరి. ఆ కథల ప్రతిబింబములు అంతర్జాలమునకును చేరినవి. 2021 జూన్ 4న ఆయన గతించిరి. కథలు తాళము పడిపోలేదు. ఒక మనుష్యుని ముచ్చట అతని యాయువును దాటి నిలుచుటకు మార్గ మిదియే: బ్రతికియుండగనే తాను లేకున్నను నడచునట్లు చేయుట.

హైదరాబాదునుండి తిరిగివచ్చినపిమ్మట నేను చేసినది స్వల్పము. కుటుంబమున కెల్ల చెందిన ఫోటోలను, గొంతులను ఏ కంప్యూటరున బెట్టినను పాస్‌వర్డు లేకుండ తెరువబడునట్లు రెండు మామూలు డిస్కులకు ఎక్కించితిని. ఒకటి మా బీరువాలో నున్నది. రెండవది శ్రీకాకుళమున మాచెల్లెలి యింట నున్నది. ఆరుమాసముల కొకసారి వానిని క్రొత్తవానితో సరిచూతుము. యంత్రములో రెండు డిస్కులు జతగా నున్నవిగదా యని పూర్వము ధైర్యముగా నుంటిని. కాని జతడిస్కు ప్రతిబింబమువంటిది. పొరపాటున చెరిపినది రెంటను ఒక్కసారియే చెరిగిపోవును. యంత్రమును మేలుకొలుపు విధమును ఒక నోటుపుస్తకమున వ్రాసి, పాస్‌వర్డును కవరులో నుంచి, ఇంటి దస్తావేజులతోబాటు పెట్టితిని.

ఆ పుస్తకమును నాభార్య పిల్లల పరీక్షకాగితములను దిద్దునట్లు దిద్దెను. ఎఱ్ఱసిరాతో సగము మాటలు కొట్టివేసి, "ఇది ఎక్కడ ఉంది? ఏ రంగు తీగ? ఎంతసేపు ఆగాలి?" అని అంచులవెంట వ్రాసెను. నాలుగుసారులు తిరుగవ్రాసితిని. పిమ్మట నొక ఆదివారమున నేనే యంత్రము నార్పివేసి, చేతులు కట్టుకొని కుర్చీలో కూర్చుంటిని. మాటాడరాదని నిబంధన. ఆమె రెండుసారులు తప్పుదారి పట్టెను. నా నాలుక చివర సమాధానము తహతహలాడెను. మూడవసారి ఆమెయే దారి కనుగొనెను. గంటమీద పది నిమిషములకు మా యత్తగారి మంగళహారతి వినవచ్చెను. పాట ముగిసినపిమ్మట ఆమె పుస్తకమున ఏడవపుటలో నొక వాక్యము చేర్చి, బీరువాలో పెట్టి తాళము వేసినది. ఆ వారముననే పాటను ఒక చిన్న పెన్‌డ్రైవులో నెక్కించి తానే సాలూరు పోయి పినతల్లికి వినిపించి వచ్చెను. నన్ను తోడు రమ్మనలేదు. నాకు కొంచెము చిన్నతనముగా తోచినది. అది ఆరోగ్యకరమైన చిన్నతనమని తలచుచున్నాను.

తీరికవేళల యంత్రములతో ముచ్చటపడువారు నేడు మన పట్టణములలో తక్కువ గారు. ఒకరు ఇంటి దీపములను ఫోనుతో వెలిగించుటకు ప్రోగ్రాము వ్రాయుదురు. ఒకరు ద్వారమునకు కన్ను నమర్తురు. ఒకరు ఇంటిలెక్కలను తమ చేతివ్రాత సాఫ్టువేరుతో నడపుదురు. వారి యానందమును చెరుపు తలంపు నాకు లేదు. అది నా యానందముగూడను. కాని మనము చేసిన పెట్టెలో ఇతరుల వస్తువు మొదటిసారి చేరిన దినమును గుర్తుంచుకొందము. ఆ దినమునుండి మనము ఆటగాండ్రము గాము, ధర్మకర్తలము. ధర్మకర్త నేర్పును కొలుచుటకు అతడున్న దినములు చాలవు. అతడు లేని దినమొకటి కావలెను. ఆ దినము తనంతట తాను రాకముందే, ఒక ఆదివారమున యంత్రము నార్పి, చేతులు కట్టుకొని కూర్చుండి చూచుకొనుట మేలు.